కెటిల్ కడిగిందెవరు?

కెటిల్ మూత తీయగానే ఆమెకు అనుమానం వచ్చింది. కుళాయిలో వచ్చే ఉప్పునీళ్లకు లోపలంతా గార కట్టి, పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు సున్నం కొట్టినట్టు ఉంది. ఇప్పుడేమో తళతళ మెరుస్తోంది.

"ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదే," అన్నాడు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"మరి దీన్నెవరు కడిగారు?"

"నేనే. సబ్బు పెట్టి తోమాను."

తాగిన గ్లాసు ఎత్తని మనిషి! పైగా ఆ గార సబ్బుకు లొంగే రకం కాదు. ఆమె కెటిల్ తెచ్చి అతని ముక్కు కింద పెట్టింది. గుప్పుమని నిమ్మకాయ వాసన.

"నేను లేనప్పుడు నా వంటింట్లో తిరిగేదెవరో చెప్తావా, చెప్పవా?"

అతను టీవీ కట్టేశాడు. "చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు... మీ అమ్మగారు."

ఈ పెళ్లి ఇష్టంలేక తనతో మాటలు మానేసిన అమ్మ. నిమ్మచెక్కలు వేసి మరిగించి, పుట్టింట్లో ప్రతి గిన్నెనూ ఇలాగే మెరిపించే అమ్మ.

ఆమె కెటిల్‌ను మరోసారి వాసన చూసి మూత వేసింది.

"వాషింగ్ మెషిన్ కూడా గార కట్టిందని అమ్మకు చెప్పు," అంది. "ఆదివారమైతే నేనూ ఇంట్లోనే ఉంటాను."