వారసుడి బోనస్

“ఇదే కారుకి నిరుడు ఎనిమిది వేలు కట్టాం. ఇప్పుడు పన్నెండున్నర అంటే ఎలాగండీ?” అంటూ ధనరాజు కాగితాన్ని బల్ల మీదికి తోశాడు.

బందరులోని ఆ ఇన్సూరెన్సు ఆఫీసులో పూర్ణిమది గుమ్మానికి ఎదురుగా ఉన్న బల్ల. వచ్చినవాళ్ల చిరాకులన్నీ మొదట తగిలేది ఆమెకే. ఇన్నాళ్లూ కారు వాళ్ల నాన్న రామబ్రహ్మం గారి పేరున ఉందనీ, ఇప్పుడు కొడుకు తన పేరుకు మార్పించుకుంటున్నాడు కాబట్టి రేటు మారిందనీ నెమ్మదిగా చెప్పింది.

ధనరాజు ఒక్కో అంకె మీదా వేలు పెట్టి బేరం మొదలెట్టాడు. కారు విలువ తగ్గించి రాయమన్నాడు. అలా రాస్తే, రేపు కారు ఎవడైనా ఎత్తుకుపోయిన రోజున చేతికొచ్చేది కూడా తగ్గుతుందని ఆమె చెప్పింది. బందరు అడ్రసు తీసేసి దివిసీమలో తమ పల్లె అడ్రసు పెట్టమన్నాడు. మహానగరాలకి ఒక రేటు, మిగతా ఊళ్లన్నిటికీ ఒకటే రేటని చెప్పింది. కారు ఎవరికైనా తగిలితే వాళ్లకిచ్చే పరిహారం కోసం కట్టే సొమ్ము ఇంజను సైజును బట్టి ఉంటుందని తెలియగానే, ఇంజను చిన్నదని రాసేయమన్నాడు.

“రాసేది మీరేగా. బానెట్ ఎత్తి చూసేదెవరు?” అని నవ్వాడు కూడా.

పూర్ణిమకి చీదరేసింది. లక్షలు పోసి చేపల చెరువులు తవ్వించిన మనిషి, వేళ్లకి మూడు ఉంగరాలు. అయినా ఓర్చుకుని, అసలు తేడా ఎక్కడొచ్చిందో చూపించింది. రామబ్రహ్మం గారు ఏళ్ల తరబడి ఒక్క క్లెయిమూ పెట్టలేదు. అందుకు ఆయనకి, ఆ పరిహారం సొమ్ము పోగా మిగతా దాంట్లో, బోనస్ కింద యాభై శాతం తగ్గించారు. ఆ బోనస్ మనిషిదే గాని కారుది కాదు. ఆయన కారు ఇంకొకరి పేరున మారిస్తే, ఆ ఇంకొకరు కన్నకొడుకే అయినా, బోనస్ రాదు.

“మరి కొడుక్కి ఎప్పుడొస్తుంది?”

“యజమాని కాలం చేసి, కారు వారసులకి వస్తే దాంతోపాటే వస్తుందండీ. దేవుడి దయవల్ల మీకా అవసరం లేదు కదా.”

ధనరాజు లేచాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాల తరవాత గుండుతో వచ్చాడు. బల్ల మీద మరణ ధ్రువీకరణ పత్రం పెట్టి, నాన్న నిద్రలోనే పోయారన్నాడు. పూర్ణిమ చటుక్కున లేచింది. ఆవేళ తాను నోరు జారి అన్న మాట గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. మంచినీళ్లు తెచ్చిచ్చి, ఎలా ఓదార్చాలో తెలియక నిలబడింది. అతను సగం గ్లాసు తాగి మూతి తుడుచుకున్నాడు.

“అయితే ఆ యాభై శాతం వచ్చినట్టేగా?”

శవం మీద పేలాలు ఏరుకోవడమంటే ఇదేననుకుంది పూర్ణిమ. అతని మొహం చూడబుద్ధి కాలేదు. మిగతా వారసుల సమ్మతి కావాలనీ, వాళ్లమ్మగారి సంతకం తేవాలనీ ఫైలు వంక చూస్తూనే చెప్పింది. అదెంత పని, ఇటివ్వండి, అమ్మ సంతకం తనకి బాగా వచ్చన్నాడు అతను. ఆవిడతో తాను మాట్లాడందే ఫైలు కదలదని ఆమె ఖరాఖండీగా చెప్పింది. అమ్మ దుఃఖంలో ఉంది, ఎవరితోనూ మాట్లాడటం లేదంటూ గొణుక్కుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక పూర్ణిమ పాత పాలసీ తీసి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. పెద్దావిడ ఎత్తితే ముందేం మాట్లాడాలో మనసులో రెండుసార్లు అనుకుంది.

“హలో, ఎవరండీ? నేను రామబ్రహ్మాన్ని.”

పూర్ణిమ ఎదురుగా ఉన్న పత్రం వంక చూసింది. అదే పేరు, అదే ఊరు. ధనరాజు గారి నాన్నగారేనా అని మళ్లీ అడిగింది. అవునమ్మా, ఇప్పుడే టిఫిన్ చేసి కూర్చున్నానన్నాడు ఆయన, గొంతు ఖంగుమంటుండగా.

నాలుగున్నర వేల కోసం, బతికున్న తండ్రిని కాగితం మీద చంపి, గుండు కూడా చేయించుకుని వచ్చాడు. ఆ గుండుకి తాను మంచినీళ్లిచ్చింది. పక్క బల్లల వాళ్లు వినకుండా ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లింది. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. ఈ వయసులో ఆ మాట విని తట్టుకోగలడా? కానీ చెప్పకపోతే, ఆ కాగితంతో వాడు రేపు ఇంకేం చేస్తాడో.

“బాబాయిగారూ, కాస్త కూర్చుని వినండి. మీరు పోయారని మీ అబ్బాయి మా ఆఫీసులో సర్టిఫికెట్టు ఇచ్చాడండీ. బోనస్ కోసం.”

పూర్ణిమకి కళ్లలో నీళ్లు తిరిగాయి. పోలీసులకి ఫిర్యాదు చేయాల్సి వస్తే తాను సాక్ష్యం చెబుతానంది. భయపడొద్దంది. ఆ పెద్దాయన బరువుగా ఊపిరి వదలడం వినిపించింది. తరవాత, పక్కన ఎవరికీ వినపడకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించాడు.

“ఆ కాగితం పుట్టించింది నేనేనమ్మా. ఇంతకీ ఎంత తగ్గింది?”