హెల్మెట్ తీయని మనిషి

…రెండు లక్షలు. నెలకు అంత వస్తే తప్ప జగిత్యాలలో బాగా బతుకుతున్నట్టు కాదని కాలనీలో మహిపాల్ ఒకసారి అన్నాడు. అందరూ తలూపారు. మధుకర్ కూడా ఊపాడు. ఇప్పుడు రాయికల్ రేషన్ షాపు ముందు లైన్లో నిలబడి, ఆ రెండు లక్షల్లోంచి ఏమేం తీసేయవచ్చో ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు. ఏసీలు. కూతురు అఖిల కాలేజీ. ఏడాదికో టూరు. ఏది తీయబోయినా దాని వెనక భార్య శోభ ముఖం కనిపిస్తోంది. తీసినదాన్ని మళ్ళీ అక్కడే పెట్టేస్తున్నాడు.

అతను పనిచేసిన ప్లాట్ల కంపెనీ వేసవిలోనే మూతపడింది. ఆ మాట భార్యకు చెప్పలేదు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని కారులో బయల్దేరతాడు, సాయంత్రం అలసిపోయి వస్తాడు. అలసట మాత్రం నిజమే. నిన్న అన్నం పెడుతూ శోభ, "బియ్యం ఒడిసినయ్" అంది. "రేపు తెస్త" అన్నాడు. జేబులో ఉన్నది పెట్రోలుకే సరిపోతుంది.

అప్పుడు గుర్తొచ్చింది పాత రేషన్ కార్డు. మంచి రోజుల్లో దాన్ని వాపసు ఇవ్వలేదు, వాడనూ లేదు. కార్డు ఏ ఊరిదైనా, ఇంట్లో ఎవరైనా ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. జగిత్యాలలో ఎవరో ఒకరు చూస్తారు. అందుకే రాయికల్. కారు బస్టాండు దగ్గర ఆపి, అఖిల స్కూటీ హెల్మెట్ తలకు పెట్టుకుని నడిచొచ్చాడు. చంకలో మంచి కంపెనీ పేరున్న ఖాళీ బియ్యం సంచి. రేషన్ బియ్యం ఇందులో పోసుకుని పోతే శోభకు తెలియదు.

వెనక నిలబడ్డ ముసలామె మల్లక్క అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"బండి యాడ వెట్టినవ్ సారూ?"

"బండి లేదు."

"మరి నెత్తికి గిదేంది?"

"ఎండ."

"మబ్బు వట్టి ఉన్నది గదా." ముందున్నవాళ్ళు తిరిగి చూసి నవ్వారు. మల్లక్కకు ఇంకా ఊపొచ్చింది. "దొడ్డు బియ్యమున్నప్పుడు ఒక్క సారు గూడ గీడ కనవడలె. సన్నబియ్యం అచ్చినంక అందరు బీదోళ్ళే అయిండ్రు."

హెల్మెట్ లోపల చెమట చెవుల మీదుగా దిగుతోంది. ఈ ఊళ్ళో తనను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ముఖం దాచుకున్నాడు. ఎవరికి కనపడకుండా? ఆ ప్రశ్న దగ్గర మనసు ఆగలేదు, పక్కనుంచి జారిపోయింది.

ఫోన్ మోగింది. శోభ. ఫోన్‌ను హెల్మెట్ లోపలికి దూర్చాడు.

"సిరిసిల్లకచ్చిన. అక్కతోని చీరలు చూస్తాన్న." గొంతు గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు వినిపించింది. "మీరెక్కడున్నరు?"

"ఆఫీసుల."

"గా లొల్లేంది?"

"కస్టమర్లు. నీ దగ్గర గూడ లొల్లే ఉన్నది."

"చీరల షాపు గదా, మస్తు జనం. బియ్యానికి తొందరేం లేదు. మీ పని చూస్కోండ్రి."

పెట్టేసింది.

చీరలు. అక్క ముందు తక్కువ కాకూడదని ఖరీదైనవే తీస్తుంది. ఈ సాయంత్రం చెప్పేయాలి అనుకున్నాడు. విన్న తర్వాత ఆమె ముఖం ఎలా ఉంటుందో ఊహించబోయాడు. ఊహ అక్కడిదాకా పోలేదు. దారిలో ఎదురొచ్చిన లారీలు గుర్తొచ్చాయి. స్టీరింగ్ కొంచెం తిప్పితే చాలు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఈ మధ్య లారీ కనిపిస్తే చాలు, అలా అనిపిస్తోంది. అనిపించడం కూడా అలవాటైపోయింది. అదే అతనికి భయంగా ఉంది.

"సార్, మీరే," అంది డీలరు హేమలత. "హెల్మెట్ తీయుండ్రి."

"ఏలుముద్రకు ముఖమెందుకు?"

"నాకెందుకు సార్, ఉంచుకోండ్రి." నవ్వుతూ మెషిన్ ముందుకు జరిపింది.

కార్డు నంబరు చెప్పి వేలు పెట్టాడు. హేమలత తెర చూసింది. ఇంకోసారి పెట్టమంది. మళ్ళీ చూసింది.

"మీ కార్డు మీద ఈ నెల బియ్యం తీస్కున్నరు సార్."

"ఎట్ల తీస్కుంటరు? మేము ఎన్నడు తీస్కోలేదు."

"ఇప్పుడిప్పుడే పోయినయ్. తంగళ్ళపల్లి షాపుల. గదే, సిరిసిల్ల పక్కపొంటి. మీ ఇంటోళ్ళ ఏలుముద్రనే వడ్డది."

"ఎవలన్న మోసం జేసిండ్రా ఏంది సారూ?" అంది మల్లక్క. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

మధుకర్ పక్కకు జరిగాడు. చంకలోని ఖాళీ సంచి జారి కింద పడింది, తీసుకోలేదు. రెండు చేతులతో హెల్మెట్ తీశాడు. తడిసిన ముఖానికి చల్లగాలి తగిలింది. లైన్లోవాళ్ళంతా చూస్తుండగా ఫోన్ చేశాడు.

"శోభా, తంగళ్ళపల్లిల్నే ఉండు. ఆ సంచి మొయ్యకు. కారు తీస్కోని నేనస్తున్న."