ఫర్లాంగు రాయికి ఇవతల

"మళ్లీ కొలువు!" అన్నాడు గుండయ్య.

"రెండుసార్లు కొలిచిన. మూడోసారి కొలిస్తే గొలుసు సాగుతదా?" అన్నాడు చైన్‌మన్ సర్వర్, ఇనుప గొలుసు చుట్ట చుట్టుకుంటూ. "ఫర్లాంగంటే పది గొలుసులు. బస్టాండు నుంచి పది గొలుసులు దాటినంకనే నీ జాగా మొదలైతుంది. నువ్వు కొన్నది రెండో ఫర్లాంగుల."

"మరి ఫర్లాంగు రాయి నా జాగాకు అవతల ఉంది గద!"

"రాయి పదకొండో గొలుసు కాడ ఉంది. ఎవడో జరిపిండు."

గుండయ్య నడినెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నయాపైసలు వచ్చిన రెండో ఏడు అది. జహీరాబాదులో జాగా ధర ఎవరిని అడిగినా రాళ్ల లెక్కన చెప్పేవారు. బస్టాండు నుంచి మొదటి రాయికి ఇవతల గజం రెండు రూపాయలు. దాటితే ఒకటి. రెండో రాయి దాటితే ఉత్త జొన్నచేను, అడిగేవాడు లేడు. పాత బజారులో మిద్దె ఇండ్లు తాళాలేసి ఉంటే, రోడ్డు వారన తుమ్మపొదలకు బేరాలు నడుస్తున్నాయి.

గుండయ్య కొన్నది రెండు వందల గజాలు, గజం రెండు రూపాయల చొప్పున. బండీ ఎడ్లూ అమ్మి ఆ నాలుగు వందలు కట్టాడు. ముందు హోటలు, వెనక ఇల్లు అనుకున్నాడు. కొనేనాడు కొలుద్దామంటే తనే వద్దన్నాడు. "ఇరవై ఏండ్ల సంది ఈ తొవ్వల బండి తోలుతున్న. ఈ రాయి సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవలికి తెల్వదు" అన్నాడు. ఇవాళ పునాదికి ముగ్గు పోసే ముందు కొలిపిస్తే సంగతి బయటపడింది.

"బండి అమ్ముకొని బండరాయిని నమ్మిన. నా అసొంటి తెలివిగల్లోడు జిల్లాల ఉంటడా?" అన్నాడు తనలో తనే.

కబురు పోగానే జాగా అమ్మిన హఫీజుద్దీన్ బట్టల దుకాణం వదిలేసి గొడుగేసుకొని వచ్చాడు.

"సాబ్, నా రెండొందలు నాకు వాపస్ ఇయ్యాలె."

"ఎందుకు? నీకు ఆ రాయిని చూపించి అమ్మిన్నా నేను?"

గుండయ్య నసిగాడు. "లేదు సాబ్. నేనే మీకు చూపించిన."

"మరి? నేను రోడ్డు మొఖం చూసి ఎన్ని దినాలైందో! రాయికి ఇవతల ఉంది, రెండు రూపాయల చొప్పున ఇస్తనంటివి. వద్దంటనా?"

బీదరు బస్సు కోసం కూర్చున్న జనం లేచి వచ్చారు. గుండయ్యకు నలుగురిని చూస్తే గొంతు లేచింది.

"అయితే ఆ రాయి జరిపినోడే కట్టాలె నా రెండొందలు! ఏ గాడిద కొడుకో!"

"గాడిదతోని అయితదా గుండన్నా?" అన్నాడు సోడాల జగ్గయ్య. "ఇంత బరువు రాయిని గుంజాలంటే ఎడ్లు కావాలె."

"ఎడ్లో, దున్నలో! దొరకాలె, అంతే. సాబ్, మీరేమంటరు?"

"కట్టాలె," అన్నాడు హఫీజుద్దీన్. "అక్రమం చేసినోడు కట్టాలె. అందుల మాటేముంది?"

"ఉట్టి మాట నాకొద్దు. ఇందరు సాక్షి ఉన్నరు. సర్వర్ భాయ్, కాగితం తియ్యి."

సర్వర్ జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకొని రాశాడు. ఫర్లాంగు రాయిని జరిపినవాడు ఎవడైనా సరే, ఏ సాకూ చెప్పకుండా గుండయ్యకు రెండు వందల రూపాయలు ఇవ్వవలెను. పైకి చదివాడు. హఫీజుద్దీన్ సంతకం చేశాడు. గుండయ్య బొటనవేలు నాలుకకు తడుపుకొని, నీలం పెన్సిలు రుద్దించుకొని, గట్టిగా ముద్ర వేశాడు.

"తాగి చేసిన అంటే?" అని అడిగాడు జగ్గయ్య.

"తాగినోనికి మాఫీ ఉంటదా? రాసుకో భాయ్, తాగినా ఇయ్యాలె."

సర్వర్ అదీ చేర్చాడు.

"ఇగ పట్టున్రి. ముందుగాల రాయిని దాని జాగల పెడదాం," అన్నాడు.

గడ్డపారతో చుట్టూ తవ్వారు. నలుగురు పట్టి రాయిని పక్కకు దొర్లించారు. అప్పుడే గుండయ్య భార్య మహాదేవమ్మ పగటి రొట్టెల మూట నెత్తిన పెట్టుకొని వచ్చింది. గుంట దగ్గర ఇంతమంది ఏం చూస్తున్నారా అని తనూ వంగి చూసింది.

గుంటలో రాయి కదలకుండా అడుగున సందులో దోపిన గులకరాళ్లున్నాయి. వాటి మధ్య ఒక కట్టె ముక్క ఉంది. ఎర్రరంగు, కొసకు ఇత్తడి పొన్ను.

మహాదేవమ్మ మూట దించి, ఆ ముక్క తీసి కొంగుతో తుడిచింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"అగో! మన బండి కాడి కొస! ఏడాది సంది ఇల్లంత దేవులాడిన. ఏమయ్యా, చిరాగ్‌పల్లి పెండ్లిల కల్లు తాగొచ్చిన నాడు కాడి విరగ్గొట్టుకొస్తివి, ముక్క యాడ పడ్డదో యాదికి లేదంటివి. రాయి బండి కింద ఇరుక్కున్నది, ఎడ్లు గుంజుకుపోయినయ్, ఆగిన కాడ ఎడ్లతోనే నిలవెట్టి పాతిపెట్టొచ్చిన అని రాత్రంత ఒకటే ఒర్రితివి. నేను కలనుకున్న!"

బీదరు బస్సు వచ్చి హారన్ కొట్టినా ఒక్కడూ కదల్లేదు. సర్వర్ చేతిలో కాగితం గాలికి రెపరెపలాడింది.

గుండయ్య నీలం అంటిన బొటనవేలు చాలాసేపు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"సర్వర్ భాయ్, కిందనే రాసుకో. రెండొందలు గుండయ్య ఇచ్చిండు, గుండయ్యకు ముట్టినయ్."