తలుపు వెనక గ్లాసు

కొత్త లోకం కడదాం రమ్మని నన్నూ అంగారకుడి మీదికి తీసుకొచ్చారు. ఇక్కడ చుక్క నీరు వృథా కాదు. కాలనీలో అందరి చెమటా, ఉచ్చా ఒకే తొట్టిలో చేరి, శుద్ధయి మళ్లీ కుళాయిల్లోకి వస్తాయి. ఆ తొట్టి జల్లెడలకు పట్టిన జిగట గీకడం నా పని. భూమ్మీద మా అమ్మ చేసిందీ ఇలాంటి పనే.

ఇవాళ పని అయ్యాక, తొట్టి పక్కింట్లో ఉండే వసుంధర గారిని మంచినీళ్లడిగాను. తలుపు వెనక నాకని విడిగా ఉంచిన గ్లాసు తీసుకోమని, చెయ్యి తగలకుండా ఎత్తి పోసింది.

"ఇంత దూరమొచ్చినా ఈ గ్లాసేంటమ్మగారూ?"

"మా ఆచారం సువార్తా, ఏమనుకోకు," అంటూ ఆవిడ కాఫీ గుటకేసింది.

నేను గ్లాసు కింద పెట్టేశాను.

"గ్లాసంటే విడిగా పెట్టారు గానీ, ఉచ్చ విడిగా పెట్టలేరు గదమ్మా. మీ ఇంటిల్లిపాదిదీ నేను తాగాలంటే డోకొస్తంది."