సులైబియాలో రాగి లగ్గు

ఇట్లా దగ్గరికి జరగండి బిడ్డలారా, కువైట్‌లో, సులైబియా అనే చోట ఒక కోళ్ల షెడ్డు సంగతి చెబుతాను.

మండే ఎండాకాలం. శుక్రవారం మిట్టమధ్యాహ్నం. షెడ్డు కాపలా చూసే పెంచల్‌కు, వెనకాల పాత ఏసీల కుప్పలో రాగి గొట్టం ఏరుతున్న ముసలాయన కనిపించాడు.

"ఎవుర్రా అది? రాగి దొంగా!"

పెంచల్ అక్కడికక్కడే కఫీల్‌కు, అంటే తనను పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, ఫోన్ చేశాడు. పోలీసులను పంపిస్తానని చెప్పి, కఫీల్ నమాజుకు వెళ్లిపోయాడు.

ముసలాయన గొట్టం కింద పెట్టి, గోడ నీడన కూర్చున్నాడు. ఎక్కడికీ పారిపోలేదు.

అంతలో షెడ్డులో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి.

పెంచల్ జనరేటర్ దగ్గరికి పరుగెత్తాడు. జనరేటర్ నుంచి వచ్చే బొటనవేలంత లావు కేబుల్, చివర కాలి ఊడి పడింది. దాని చివర తొడిగి బోల్టుకు బిగించే రాగి లగ్గు పోయిన వారమే విరిగింది. కొత్తది తేవడానికి బద్ధకించి, ఉత్త తీగనే బోల్టుకు చుట్టి వదిలేశాడు మహానుభావుడు.

నాలుగు వేల కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. అరగంట దాటితే ఒక్కటీ మిగలదు. కోళ్లు పోతే పెంచల్ పనీ, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితమూ పోయినట్టే.

దుకాణాలన్నీ మూత. కఫీల్ ఫోన్ ఎత్తడు.

"పెంచలకోన సామీ, నేనేం చేసేది!"

"ముందుగాల జనరేటర్ బంద్ చెయ్యి తమ్మీ." ముసలాయన లోపలికి వచ్చేశాడు.

"నువ్వా! బయటికి పో!"

"నువ్వు ఫోన్ చేసింది ఇన్న. పోలీసులు వచ్చేదాకనన్న పని చెయ్యనియ్యి. గా గొట్టం తే."

పెంచల్‌కు ఇంకో దారి లేదు. జనరేటర్ ఆపి, గొట్టం తెచ్చాడు.

ముసలాయన వేలెడు ముక్క కోసి, మెత్తబడేలా గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచాడు. ఒక కొసను సుత్తితో పలకగా సాగగొట్టాడు. అందులో మేకుతో బెజ్జం పొడిచి, బోల్టు పట్టేదాకా ఆకురాయితో రాశాడు.

"కేబుల్ పోగులు దూరేట్టు లేవు. నాలుగు కోసేద్దామా?" అన్నాడు పెంచల్.

"ఒక్కటి గూడ కొయ్యకు. తక్కువైతే మళ్ల కాలుతది."

కాలిన చివర తీసేసి, పోగులన్నీ గొట్టంలోకి దూర్చి, మొద్దు ఉలి పెట్టి నాలుగు చోట్ల గట్టిగా నొక్కుకుపోయేలా కొట్టి, ఆ లగ్గును బోల్టుకు బిగించసాగాడు.

లోపల కోళ్లు ఒక్కొక్కటే ఒరుగుతున్నాయి.

"యల్లా, యల్లా పెద్దాయనా!"

"అయిపాయె. జనరేటర్ చాలు చెయ్యి. మూలకున్న ఫ్యాన్ ముందు వెయ్యి. గదొక్కటే మొరాయిస్తది."

ఫ్యాన్లు తిరిగాయి.

పెంచల్ ఏడుస్తూనే లోపలికి పరుగెత్తి కోళ్ల మీద నీళ్లు చల్లాడు. బయటికి వచ్చేసరికి ముసలాయన పోలీసు బండిలో ఉన్నాడు. ఇఖామా లేదట.

"హరామీ కాదు సార్! ఆయప్ప దొంగ కాదు!"

ఎవరు వింటారు?

బండి కదులుతుంటే ముసలాయన కిటికీలోంచి, "పొద్దుమీకి బోల్టు ఒకపారి బిగించు తమ్మీ, వేడికి వదులైతది" అన్నాడు.

అప్పుడే నీళ్ల ట్యాంకరు దిగిన డ్రైవర్ షావలి నోరెళ్లబెట్టాడు.

"చిన్నరాజం అన్నను యాడికి తీసకపోతాండారప్పా?"

"ఆయప్ప నీకు తెలుసా?"

"తెలీకేం? నిరుడు ఇదే కేబుల్ కాలి కోళ్లన్నీ సచ్చిపాయ. ఆయప్పకు పని పాయ, ఇఖామా పాయ. నీకు ముందు ఈ షెడ్డు కాపలా ఆయప్పే!"

మరిచిపోకండి బిడ్డలారా. ఎవరికైనా చెప్పేటప్పుడు ముసలాయన అనకండి, చిన్నరాజం అని పేరు పెట్టి చెప్పండి.