రెండో సూది

నర్సింగ్ వీపులోంచి తీసిన నీళ్లు సీసాలో పసుప్పచ్చగా ఉన్నాయి. తమ్ముడు చంద్రకాంత్ ఆ సీసా వైపే చూస్తున్నాడు. పటాన్‌చెరులో తుక్కు వ్యాపారం అతనిది. ఇనుమైనా ఇత్తడైనా కంటితోనే సగం లెక్క కట్టేస్తాడు. ఈ సరుకు మాత్రం అంతుపట్టలేదు.

అన్నకు రక్త కాన్సర్. మందులతో అదుపులోకి వచ్చింది. పెద్ద వైద్యం ఒకటి చేస్తే పూర్తిగా నయమవుతుందన్నారు. అన్నీ కుదిరాయి. అంతలో ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందట.

డాక్టర్ నిషిత మాట తిప్పకుండా చెప్పింది.

"ఇన్‌ఫెక్షన్ వల్ల చేరిన నీరైతే భయం లేదు. అది తగ్గాక అనుకున్న వైద్యం చేస్తాం. నీటిలో కాన్సర్ కణాలుంటే మాత్రం ఆ వైద్యం లేనట్టే. ఆశ కూడా తక్కువే."

చంద్రకాంత్‌కు లెక్క అర్థమైంది. అటో, ఇటో. మధ్యలో బేరం లేదు.

ఆ రోజు నుంచి అతనికి ముద్ద గొంతు దిగలేదు.

"మీ అన్న రోగం నువ్వు పడుతున్నవ్ చంద్రకాంత్. జెరంత తిను" అంది వదిన పుష్పమ్మ.

"లోపలికి పోతలేదు వదినా."

రిపోర్టు వచ్చింది. కాన్సర్ కణాలు లేవు. పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"మంచి మాట. నీరు తగ్గగానే అన్నదమ్ములిద్దరూ వచ్చి చేరండి" అంది డాక్టర్.

చంద్రకాంత్ మొహంలో నవ్వు లేదు.

"ఒక్క పరీక్షతోటి ఎట్ల నమ్ముతం మేడం? లోడు కంపెనీ కాంటా మీద తూగినా, బయట ధర్మకాంటా మీద మల్ల ఎక్కిస్త నేను. తేడా వస్తది."

డాక్టర్ ఆలోచించింది. "నిజమే. మొదటిసారి కణాలు దొరక్కపోవడం ఉంటుంది. ఇంకా లోతుగా చూసే పరీక్ష ఉంది. కానీ మళ్లీ నీరు తీయాలి."

నర్సింగ్ మంచం మీద నుంచే నవ్వాడు. నవ్వు దగ్గయింది.

"తుక్కు లెక్క జేసినవా ఏందిరా నన్ను? ఒక్కపారి పొడిస్తే సాలదా?"

"జెర ఓర్సుకో అన్నా."

"సరే తియ్. నా పానం నీ చేతులనే ఉన్నది. నువ్వెట్లంటే గట్ల."

అంగీ విప్పి, వీపు చూపించి కూర్చున్నాడు. సూది దిగుతుంటే చంద్రకాంత్ గోడ వైపు తిరిగాడు.

పక్క మంచం ముసలమ్మ పుష్పమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇసొంటి తమ్ముడుంటే సావు గూడ ఎనుకకు పోతది బిడ్డా."

రెండో రిపోర్టు వచ్చాక డాక్టర్ అతన్ని ఒక్కణ్నే లోపలికి పిలిచింది.

"మీ అనుమానమే నిజమైంది. కణాలున్నాయి. మీరు పట్టుబట్టకపోతే పొరపాటు చేసేవాళ్లం."

"అయితే ఆ వైద్యం?"

"ఇక లేదు. బాధ తెలియకుండా చూసుకోవడమే."

"పక్కానా మేడం?"

"మీకు నమ్మకం కుదరకపోతే ఇంకోసారి చేయిస్తాను."

"వద్దు మేడం" అన్నాడు చంద్రకాంత్ వెంటనే. "రెండు సాలు."

బయటికొచ్చి చెప్పగానే పుష్పమ్మ బెంచీ మీద కూలబడింది. అతనూ పక్కన కూర్చుని ఏడ్చాడు. అవి దొంగ కన్నీళ్లు కావు.

కాసేపటికి ఆమే కళ్లు తుడుచుకుంది. "నీదేం తప్పు లేదు. ఏ తమ్ముడు జేస్తడు గింత? పో, ఏదన్న తినిరా."

చంద్రకాంత్ కిందికి దిగి క్యాంటీన్‌లో కూర్చున్నాడు. ప్లేటు బిర్యానీ తెప్పించుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఆ నీళ్లు శుభ్రమని తేలి ఉంటే, ఆ పెద్ద వైద్యం కోసం నడుం ఎముకకు సూదులు గుచ్చించుకుని అన్నకు మూలుగ ఇవ్వాల్సినవాడు, ఇంట్లో అందరిలోకీ మూలుగ సరిపోయినవాడు, చంద్రకాంత్ ఒక్కడే.