రేడియో స్తంభం

"చెయ్యి వణికిందంటే విరగ్గొడతా," అన్నాడు టైల్స్ మేస్త్రీ.

మూగోడు కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాడు. అరచేతిలో ఇమిడే రేడియోను పడమరకు తిప్పి పట్టుకున్నాడు.

సగం కట్టిన బిల్డింగులో పనివాళ్ళకిచ్చిన గది అది. గోడల నిండా ఇనుమే. లోపల పెడితే రేడియో గురక పెడుతుంది. బయటికి చాపి సరైన దిక్కుకు తిప్పితే, పొద్దు వాలే వేళ ఎక్కడో దూరాన ఉన్న చిన్న స్టేషన్ తేలుతుంది. వేలెడు పక్కకు జరిగిందా, ఇంకో స్టేషన్ మీదెక్కి కూర్చుంటుంది.

అందుకే పట్టుకోవడానికో మనిషి కావాలి. మూగోడు దొరికాడు.

పని వెతుక్కుంటూ వచ్చినవాడు. మెడకు ఎప్పుడూ తువ్వాలు. ఎండలోనూ తీయడు. సిమెంటు బస్తా ఎత్తితే రొప్పుతాడు.

"మోత చేతకాకపోతే స్తంభంలా నిలబడు. ఆ మాత్రం చేస్తే ఇంత ముద్ద పడేస్తా," అన్నాడు మేస్త్రీ. స్తంభమన్న ఆ పేరే నిలిచిపోయింది.

రేడియోలో గొంతు వచ్చింది. తొందర లేని గొంతు. పక్కన మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది.

"అదిరా మనిషంటే," మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. "మీ అక్క పోయిన ఏడు నీళ్ళ ట్యాంకెక్కాను, దూకేద్దామని. జేబులో ఇది మోగుతూనే ఉంది. చివర్లో అంటాడు చూడు, 'రేపు ఉంటారుగా?' అని. నన్నే అడిగినట్టయింది. దిగొచ్చేశాను."

"ఎన్నిసార్లు చెప్తావు బావా," అన్నాడు బావమరిది. పెయింటర్ వాడు. కిటికీ పక్కనే వాడి చాప.

"చచ్చేదాకా చెప్తా. ఆయన ఎదురుపడితే నా తోలు తీసి చెప్పులు కుట్టిస్తా."

"ముందు స్తంభానికి కుట్టించు. వాడి చెప్పులు నువ్వేగా తొడుక్కు తిరుగుతున్నావు."

"స్తంభానికి చెప్పులెందుకురా?"

గదంతా నవ్వింది. కిటికీ దగ్గర చెయ్యి మాత్రం వణకలేదు.

మర్నాడు సాయంత్రం, కార్యక్రమం అయిపోతుండగా మేస్త్రీ కళ్ళు తెరిచాడు.

రేడియోలో గొంతు అంటోంది: "రేపు ఉంటారుగా?"

మూగోడి పెదాలు కదులుతున్నాయి. అదే మాట.

మేస్త్రీ లేచాడు. ముందు రేడియో లాక్కున్నాడు. తర్వాత కొట్టాడు.

"నా అన్నం తింటూ ఆయన్నే వెక్కిరిస్తావా?"

మూగోడు తువ్వాలు విప్పబోయాడు, ఏదో చూపించాలన్నట్టు. ఆ తువ్వాలు పట్టుకునే మెట్లదాకా ఈడ్చాడు మేస్త్రీ.

కింద మేకులు తేలిన చెక్కలు పడి ఉన్నాయి. వట్టికాళ్ళతో వాటి మధ్య నుంచే పోయాడు మూగోడు. ఒకసారి తలెత్తి కిటికీ వైపు చూశాడు.

"చెప్పులన్నా ఇచ్చేయ్ బావా."

"నోర్ముయ్."

మర్నాడు స్తంభం లేదు. రేడియో మేస్త్రీయే పట్టుకోవలసి వచ్చింది. ఒక్క పాట సగమయ్యేసరికి భుజం లాగేసింది. అప్పుడు ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

"శ్రోతలకు ఒక మాట. ఇంతకాలం మీరు విన్నవి మనందరి రేడియో అన్నయ్య పాత రికార్డింగులు. నిన్నటితో అవి కూడా అయిపోయాయి. జబ్బు చేసి ఆయన మైకు వదిలేశారు. ఎటు వెళ్ళారో మాకూ తెలియదు. అన్నయ్యా, ఎక్కడున్నా మీరు వింటూనే ఉంటారని మా నమ్మకం. రేపు ఉంటారుగా?"

రేడియో గురకలోకి జారిపోయింది. మేస్త్రీ కిటికీ కింద చతికిలబడి ఏడ్చాడు.

"ఎక్కడ పడి ఉన్నాడో మహానుభావుడు. ఎవడైనా ఇంత ముద్ద పెడుతున్నాడో, కుక్కను తరిమినట్టు తరుముతున్నాడో."

బావమరిది చాలాసేపు మేస్త్రీ కాళ్ళకున్న చెప్పులనే చూశాడు.

"బావా, రోజూ వాడి పక్కనే కూర్చున్నాను నేను," అన్నాడు చివరికి. "వాడి పెదాలు ముందు కదిలేవి... రేడియోలో మాట ఆ తర్వాత వచ్చేది."